మెయిన్ ఆపేసినా మీటరు లైటు కొట్టుకుంటోంది, ఎవరు వాడుతున్నట్టు?

విభాగం: ఇల్లు – కరెంటు, గ్యాసు, నీళ్లు

గుమ్మడిపూలు (ఉప్పల్)
నమస్తే అండీ. మాది సొంతిల్లు, కింద పోర్షనే. నేనూ అత్తమ్మా మా బాబూ, ముగ్గురమే. ఎండాకాలం తప్పితే 150, 160 యూనిట్లు ఎప్పుడూ దాటలేదు. గృహజ్యోతి వచ్చినప్పట్నుంచీ సున్నా బిల్లే. ఈ నెల బిల్లబ్బాయి 268 యూనిట్లు కొట్టి చేతిలో పెట్టాడు. 200 దాటితే మొత్తం కట్టాల్సిందేనట. ఏసీ లేదు, గీజరు పాడై మూల పడుంది. మీటరు చెడిపోయిందేమోనని పొద్దున మెయిన్ ఆపి చూశా. ఫ్యాన్లూ ఫ్రిజ్జూ ఆగాయి. మీటరు మీద ఎర్ర లైటు మాత్రం టకటకా కొట్టుకుంటూనే ఉంది. రాత్రి మళ్లీ ఆపి చూస్తే లేదు, చల్లగా ఉంది. మీటరు బోర్డు కాంపౌండ్ గోడకి బయటివైపు. పక్క ప్లాటులో మా గోడకి ఆనుకునే బిల్డింగు లేస్తోంది. అనుమానమైతే ఉంది, నోరు జారితే బాగోదని ఆగాను. ముందేం చేయాలి?

డౌట్‌రాయుడు
కొత్త మీటర్లే స్పీడండీ. మా ఆఫీసులో అందరూ అదే అంటున్నారు.

ఫ్యూజుతాత (కాకినాడ, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైర్డ్)
రాయుడు గారూ, స్పీడు మీటరైనా లోడుంటేనే తిరుగుద్దండి. లోడు లేకుండా తిరగదు. పొద్దున కొట్టుకుంది, రాత్రి ఆగింది అంటోంది అమ్మాయి. అసలు సంగతి అక్కడుంది.

అమ్మా, మీటరు ముఖం మీద సన్న అక్షరాల్లో యూనిట్‌కి ఎన్ని పల్సులో వేసి ఉంటుంది. చాలావాటికి 3200, కొన్నిటికి 1600. మెయిన్ ఆపి, సెల్‌ఫోన్లో టైము పెట్టుకుని ఒక్క నిమిషం ఆ ఎర్ర లైటుని లెక్కెట్టు. 3200 మీటరైతే నిమిషానికి 53 సార్లు వెలిగితే ఒక కిలోవాటు లోడు నడుస్తోందని. 5 సార్లయితే వంద వాట్లు, అంటే ఏ రెండు ఫ్యాన్లో. వీడియో తియ్యి, మీటరు నంబరు కనపడాలి అందులో. వైరు ముట్టుకోకు, కవరు ఊడదియ్యకు, సీలు మీద చెయ్యే వెయ్యకు.

ఇంకోటుంది. మీ మెయిన్ రెండు వైర్లనీ కోసేదా, ఫేజు ఒక్కటే కోసేదా? ఒక్కటే కోసేదైతే మీ న్యూట్రలూ (కరెంటు తిరిగిపోయే వైరు) పక్కోళ్ల న్యూట్రలూ ఎక్కడో కలిసినా ఇలాగే అవుద్ది. వాళ్లు వాడిన కరెంటు తిరుగుదారిలో మీ మీటరు గుండా పోద్ది. ఇప్పటి మీటర్లు ఫేజులో ఎంత పోయింది, న్యూట్రల్లో ఎంత పోయింది అని రెండూ చూసి ఎక్కువున్నదాన్నే లెక్కేస్తాయి. అలాంటప్పుడు పక్కన ఎర్త్ అని రాసున్న చిన్న లైటు కూడా వెలుగుద్ది. అది దొంగతనం కాదు, వైరింగు చేసినోడి తప్పు. పక్కోళ్లని ఏదన్నా అనేముందు అది తేల్చుకోవాలి.

వరంగల్_పోరడు
తాత చెప్పింది నిజం. మా కిరాయి ఇంట్ల కూడా గిట్లనే అయింది అక్కా. ఓనరు బోరు మోటరును మా మీటరుకు కలిపిండు. మేం ఊరికి పోయినప్పుడు కూడా బిల్లు వచ్చుడుతోని దొరికింది. అడిగితే 'నీళ్లు మీరూ తాగుతున్నరు కదా' అన్నడు. గాయన మీద ఎవలకు చెప్పాలె? ఇల్లు ఖాళీ చేయమంటడని మూసుకొని ఊకున్నం.

గుమ్మడిపూలు
తాతగారూ, చూశాను. 3200 మీటరే. మెయిన్ రెండు వైర్లూ కోసేదే అని మా ఎలక్ట్రీషియన్ చెప్పాడు, ఎర్త్ లైటు వెలగట్లేదు. పొద్దున ఏడింటికి నిమిషానికి 58 వచ్చింది. తొమ్మిదింటికి సున్నా. సాయంత్రం ఐదున్నరకి మళ్లీ 58.

ఫ్యూజుతాత
58 అంటే కిలోవాటు మీద ఇంకొంచెం. ఒక హెచ్‌పీ మోటారు సరిగ్గా అంతే లాగుద్ది. పొద్దునా సాయంత్రం గోడలకీ శ్లాబుకీ నీళ్లు కొట్టే టైము. ఇంక నేను చెప్పక్కర్లేదనుకుంటా.

గుమ్మడిపూలు
అయ్యో రామ! రోజూ ఆ నీళ్ల చప్పుడు వింటూనే ఉన్నాను. ఇప్పుడే వెళ్లి ఆ సూపర్‌వైజర్‌ని కడిగేస్తా.

కోర్టుపక్షి (అడ్వొకేటు, కర్నూలు)
ఆగండమ్మా. కడిగితే రాత్రికి రాత్రి వైరు పీకేసి, గోడకి సిమెంటు మెత్తి, 'మాకేం తెలుసు' అంటారు. మీ దగ్గర 268 యూనిట్ల బిల్లు తప్ప ఇంకేమీ మిగలదు.

అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. వాళ్లు మీటరు ముందు నుంచి లాగితే మీ బిల్లు పెరగదు, సంస్థకి నష్టం. మీ బిల్లు పెరిగిందంటే మీటరు దాటాక, మీ మెయిన్‌కి చేరకముందు ఎక్కడో లాగారు. అంటే పుస్తకాల్లో మీ సర్వీసు నుంచి పక్క ప్లాటుకి కరెంటు పోతోంది. విద్యుత్ చట్టం 2003, 126వ సెక్షన్ ప్రకారం అనుమతి ఉన్న ఇంటికి కాకుండా వేరే చోటికి కరెంటు వాడటం అనధికార వాడకం. చెకింగ్‌వాళ్లు మీకంటే ముందొచ్చి చూశారనుకోండి, మీరే బిల్డరుకి కరెంటు ఇచ్చి డబ్బులు తీసుకుంటున్నారని రాసుకోవచ్చు. అలా ఇచ్చేవాళ్లు లేకపోలేదు, అందుకే వాళ్లకి ఆ అనుమానమే ముందొస్తుంది. ఆ సెక్షన్ కింద టారిఫ్‌కి రెండింతలు వేస్తారు, ఎప్పట్నుంచో తేలకపోతే 12 నెలలకి.

కాబట్టి ముందు కాగితం పెట్టండి. మీ సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు, ఆపరేషన్) పేరున దరఖాస్తు, అందులో బిల్లు మీదుండే యూఎస్‌సీ నంబరు, పల్సుల లెక్క టైములతో సహా, 'ఎవరు లాగుతున్నారో నాకు తెలియదు, వచ్చి తనిఖీ చేయండి' అన్న మాట. పక్కవాళ్ల పేరు మీరు రాయొద్దు, కనుక్కోవడం వాళ్ల పని. నకలు మీద స్టాంపూ తేదీ వేయించుకోండి. ఆ రోజే 1912కి ఫోన్ చేసి కంప్లయింటు నంబరు తీసుకోండి.

వరంగల్_పోరడు
వకీలు సాబ్, గంత దూరం ఎందుకు? ఓనరుతోని ఒక్క మాట మాట్లాడితే అయిపాయె కదా. రేపు ఆ బిల్డింగుల ఉండేటోళ్లే ఈ అక్కకు పక్కింటోళ్లు. బతుకంత మొకాలు చూసుకోవాలె.

కోర్టుపక్షి
మాట్లాడొద్దని కాదు తమ్ముడూ. కాగితం పెట్టాక మాట్లాడమంటున్నా. మాట్లాడాక పెట్టిన కాగితానికి 'పాత కక్షతో పెట్టింది' అనే పేరొస్తుంది.

సీమబిడ్డ
నాకొక డౌటు సార్. మీటరు ముందు నుంచి లాగితే ఏమైతాది? మా వీధిలో ఒకాయనది రెండంతస్తుల ఇల్లు, రెండు ఏసీలు. నెలకు వంద యూనిట్లు కూడా రాదంట, గొప్పగా చెప్పుకుంటాడు.

కోర్టుపక్షి
అది 135వ సెక్షన్, అసలు సిసలు దొంగతనం. లైను మీద కొండీ వేసినా, సర్వీసు వైరు గీసి లోపల్నుంచి ఇంకో తీగ తెచ్చినా, మీటర్ని ఏ రకంగా కదిపినా అందులోకే వస్తాయి. మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 10 కిలోవాట్ల లోపు లోడైతే జరిమానా మొదటిసారి మిగుల్చుకున్న సొమ్ముకి మూడింతలకి తగ్గకూడదు, రెండోసారి నుంచి ఆరింతలు. చాలామంది కాంపౌండింగ్ (రాజీ) ఫీజు కట్టి కేసు లేకుండా చూసుకుంటారు. ఇళ్లకి చట్టంలో వేసిన రేటు కిలోవాటుకి 4,000 రూపాయలు, ప్రభుత్వాలు మార్చుకోవచ్చు. ఆ రాజీ మనిషికి ఒక్కసారే. వాడిన కరెంటుకి కట్టాల్సింది వేరే లెక్క, ఈ ఫీజులో కలవదు.

ఒక మెలిక కూడా చెప్తా. వినియోగదారుడి చోట దొంగ ఏర్పాటు కనపడిందంటే, కాదని రుజువయ్యేదాకా అతనే చేశాడని చట్టం అనుకుంటుంది. పాత ఇల్లు కొన్నవాళ్లు, అద్దెకి దిగినవాళ్లు మొదటి రోజే మీటరు సీళ్లు ఫొటో తీసి పెట్టుకోండి. ముందున్నవాడు చేసిపోయిన పనికి మీరు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

మాస్_మనోజ్
[ఈ పోస్టును నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకుడు
మీటరు ఎలా ఆపాలో చెప్పే పోస్టులు ఇక్కడ ఉండవు, అయస్కాంతం వీడియోలు సహా. మళ్లీ పెడితే ఖాతా పోతుంది. చర్చ కొనసాగించండి.

డౌట్‌రాయుడు
పోయిందిలే గానీ, చదివాను నేను. అది నిజంగా పనిచేస్తుందా తాతా? చేస్తానని కాదు, ఊరికే.

ఫ్యూజుతాత
ఊరికేనే చెప్తున్నా వినండి. చక్రం తిరిగే పాత మీటర్ల కాలం కబుర్లు అవి. ఇప్పటి మీటరు దగ్గరికి పెద్ద అయస్కాంతం తెస్తే ఫలానా తేదీ ఫలానా టైముకి అని లోపల రాసేసుకుంటుంది. చాలా మీటర్లు అక్కడితో ఆగవు, తమ పూర్తి కెపాసిటీ మేర వాడుతున్నట్టు యూనిట్లు ఎక్కించేస్తాయి. మూత తీసినా, న్యూట్రల్ పీకినా అంతే, రాసుకుంటుంది. మీటర్లు పరీక్షించే ఎంఆర్‌టీ వాళ్లు వచ్చి కేబుల్ పెడితే మొత్తం చరిత్ర బయటికొస్తది. ఒకాయన నా ముందరే 'పిల్లలు ఆడుకుంటూ బొమ్మ అయస్కాంతం అంటించారండి' అన్నాడు. మీటరేమో స్తంభం మీద, ఎనిమిది అడుగుల ఎత్తులో!

సీమబిడ్డ
😂😂 పిల్లలు కాదు, జిరాఫీలు.

వరంగల్_పోరడు
నేను ఒకటి అడుగుత, కోపం చేయకున్రి. బస్తీలల్ల గుడిసెలోళ్లు ఒక బుగ్గ కోసం కొక్కెం ఏస్తె పట్టుకుంటరు. ఏసీలోళ్లను ఎవలు పట్టుకుంటరు? నాకైతే గుడిసెలోళ్ల మీద ఫోన్ చేసుడు మనసొప్పది.

ఫ్యూజుతాత
సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఈ మాట వింటూనే ఉన్నాను నాయనా. సగం ఒప్పుకుంటా. ఏసీలోళ్ల ఇంటికెళ్తే ముందు కాఫీ వచ్చేది, ఆ తర్వాత ఎవరిదో ఫోన్ వచ్చేది.

కానీ కొక్కెం సంగతి డబ్బుల్లో చూడకు. నీ ఇంట్లో వైరు కాలితే మెయిన్ పడిపోద్ది. కొక్కేనికి మెయిన్ లేదు. దానిపైన ఉన్న ఫ్యూజల్లా ట్రాన్స్‌ఫార్మరు దగ్గరుంటుంది, అది వీధి మొత్తానికి సరిపడా తీగ. గుడిసెలోకి తెచ్చిన సన్న వైరు కాలి బూడిదైపోయినా ఆ ఫ్యూజుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పైన తాటాకు, కింద తడి నేల, రేకు తలుపు. వానాకాలంలో ఆ రేకు పట్టుకున్నవాళ్లని నేను చూశాను, ఇక్కడ రాయను.

మా వాళ్ల ప్రాణాలు కూడా ఉన్నాయి అందులో. ఒకడికి సొంత సర్వీసు ఈ ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఉంటుంది, కొక్కెం వెనక వీధిలో వేరే ట్రాన్స్‌ఫార్మరు లైను మీద వేస్తాడు. మేము ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపించి పనికి అనుమతి) తీసుకుని, ఈ వైపు లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కుతాం. వాడింట్లో రెండూ కలిసి ఉంటే ఆ కరెంటు వెనక్కి తిరిగి మా చేతుల్లోకే వస్తది. గుడిసెలోళ్లకైతే ఫోన్ చేసి పట్టించడం కన్నా, నలుగుర్ని వెంటబెట్టుకెళ్లి ఏఈ దగ్గర మీటర్లకి దరఖాస్తు పెట్టించు. అది నాకూ ఇష్టమే.

సీమబిడ్డ
మా పక్క పల్లెల్లో ఇంకోటుంది తాతా. అడవి పందులకని చేను చుట్టూ బైండింగ్ వైరు లాగి మోటరు లైను నుంచి కరెంటు పెడతారు. పంది పడేది తక్కువ, మనిషి పడేది ఎక్కువ. తెల్లారి నీళ్లు కట్టుకుందామని పోయిన పక్క చేను రైతు, ఒక్కోసారి పెట్టినోడే. ఇది చూస్తే మాత్రం ఎవరు ఏమనుకున్నా చెప్పాల్సిందే.

వంటిల్లు_సీత (గుంటూరు)
కరెంటు గొడవలో నేను గ్యాసు తెస్తున్నందుకు ఏమనుకోకండి. మాకు 40 రోజులు రావాల్సిన బండ 33కే అయిపోతోంది. మొన్న డెలివరీ అబ్బాయిని కాటా వేసి చూపించమన్నా. 'కాటా రిపేరుకిచ్చాం మేడమ్' అన్నాడు. ఎదురుగా కిరాణా కొట్లో బస్తాలు తూచే కాటా ఉంది కదా, పద అన్నాను. ఖాళీ బండ బరువు పైన పట్టీ మీద వేసి ఉంటుందిగా, మాదానికి 15.8. గ్యాసు 14.2 కలిపితే 30 కిలోలు రావాలి. 28.3 వచ్చింది! కిలో ఏడు వందల గ్రాములు లేవు. మూతా సీలూ చూడ్డానికి బాగానే ఉన్నాయి.

ఆ అబ్బాయి ఒక్క మాట మాట్లాడలేదు. గమ్మున దాన్ని ఆటో ఎక్కించి ఇంకోటి దించాడు. అది 30.1.

డౌట్‌రాయుడు
మారు మాట్లాడకుండా మార్చాడంటే అర్థమైపోయింది.

వంటిల్లు_సీత
అబ్బాయే తీశాడని నేననను. గోడౌన్లోనే జరిగిందేమో, మనకేం తెలుసు. జీతం కంటే టిప్పుల మీద బతికే పిల్లలు వాళ్లు. అయినా మార్చి ఇచ్చాడు కదా అని ఊరుకుంటే, ఆ 28.3 బండ ఆ సాయంత్రమే ఇంకో ఇంట్లో దిగుతుంది. ఏజెన్సీకి వెళ్లి కంప్లయింటు పుస్తకంలో రాశాను, కాటా ఫొటోతో. వాళ్లు నాన్చితే ఆయిల్ కంపెనీల టోల్‌ఫ్రీ 1800-2333-555 ఉంది. తూకం మోసమే కాబట్టి తూనికలు, కొలతల శాఖకీ చెప్పొచ్చు, లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైను 1915.

కోర్టుపక్షి
బాగా చేశారు. రెండు మాటలు కలుపుతా. ఆ బరువుకి 150 గ్రాములు అటూఇటూ నిబంధనల్లోనే మన్నిస్తారు, కాబట్టి 29.9 వచ్చిందని పేచీ పెట్టకండి. రెండోది, తూకం సీలు తెంపకముందే. తెంపాక ఎంత తక్కువొచ్చినా 'మీరే వాడుకున్నారు' అంటారు. డెలివరీకి వచ్చినవాళ్లు అడిగితే తూచి చూపించాల్సిందే, అదేమీ మనం బతిమాలుకోవాల్సిన విషయం కాదు.

వరంగల్_పోరడు
గా తీసిన గ్యాసు ఏడికి పోతదంటే చిన్న బండలకే. మా గల్లీల ఒక షాపులో ఐదు కిలోల బండలు నింపి ఇస్తడు, కిలోకింత అని. బ్యాచిలర్లమంత ఆడనే కొనేది.

ఫ్యూజుతాత
ఆ గల్లీలో ఉండకు నాయనా. గ్యాసు గాలి కంటే బరువు, కారితే పైకి పోదు. గచ్చు మీద నీళ్లలా పాకి గడప దాటి పక్క గదికి పోద్ది. అక్కడ ఎవడో స్విచ్ వేస్తాడు.

కోర్టుపక్షి
అలా నింపడం నిత్యావసర సరుకుల చట్టం 1955 కింద నేరం, దాని కింద 2000లో వచ్చిన ఎల్‌పీజీ ఆర్డరు ఉంది. ఇంటి ఎర్ర బండలు హోటళ్లలో వాడటం కూడా అందులోకే వస్తుంది, వాళ్లకి 19 కిలోల బండలు వేరే ఉన్నాయి. పౌర సరఫరాల అధికారులకి చెప్పాలి, జనావాసంలో నింపుతుంటే నేరుగా పోలీసులకే.

డాలస్_రావు
మాది విజయవాడ. అమ్మానాన్నలు ఇక్కడ మా దగ్గరే ఉన్నారు, ఇంటికి తాళం. ఆన్‌లైన్లో బిల్లు కడుతూ ఈసారి యూనిట్లు చూశాను, నెలనెలా 90కి తగ్గట్లేదు. తాళం వేసిన ఇంట్లో 90 యూనిట్లు ఎవరు వాడతారు? పైగా గ్యాసు కంపెనీ యాప్‌లో చూస్తే వేసంగి నుంచి రెండు సిలిండర్లు డెలివరీ అయినట్టుంది. ఇల్లు చూసుకునే మనిషి చాలా మంచివాడు, ఇరవై ఏళ్ల నుంచి తెలుసు. అడగాలంటే చెయ్యి రావట్లేదు.

వంటిల్లు_సీత
గ్యాసు బుక్ చేస్తే కోడ్ వస్తుంది కదా, అది చెప్తేనే డెలివరీ. ఆ కోడ్ ఏ నంబరుకి పోతోందో చూశారా?

డాలస్_రావు
నాన్నగారి నంబరుకే అనుకున్నా. ఇప్పుడే అడిగాను. తన ఇండియా సిమ్ ఆగిపోతుందని, వచ్చేముందు ఆ ఇల్లు చూసుకునే మనిషి నంబరే పెట్టించి వచ్చారట.

వంటిల్లు_సీత
ఇంకేముంది! ముందు ఆ నంబరు మార్పించండి. ఏపీలో దీపం-2 ఉన్నవాళ్లకైతే ఇది ఇంకా నష్టం, ఏడాదికి 3 ఉచిత సిలిండర్లలో ఒకటి ఎవరో వండుకు తిన్నట్టే.

ఫ్యూజుతాత
రావు గారూ, అడగడానికి మొహమాటమైతే దొంగతనం మాటే ఎత్తకండి. 'ఇంట్లో ఎవరూ లేరు గదా, మెయిన్ ఆపేసి మీటరు ఫొటో పంపు, వారం పోయాక ఇంకోటి పంపు' అనండి. రెండు ఫొటోల మధ్య అంకె కదలకపోతే, ఆ 90 యూనిట్లు ఇంట్లో ఏదో స్విచ్చుల మీదే పోతున్నాయని తెలిసిపోద్ది. కదిలితే వైరు బయటికెక్కడికో పోతోంది, అప్పుడు ఏఈకి చెప్పాలి. ఇరవై ఏళ్ల మనిషి, పిల్లల చదువు కోసం ఒక గదిలో ఫ్యానేసుకుని ఉంటే నేనైతే అనుమతిచ్చేసి ఊరుకుంటా. బండలు అమ్ముకుంటే మాత్రం అది వేరే.

డాలస్_రావు
ఇది బాగుంది తాతగారూ. ఇలాగే అడుగుతా.

గుమ్మడిపూలు
అందరికీ ఒక అప్‌డేట్. వకీలుగారు చెప్పినట్టే దరఖాస్తు ఇచ్చి స్టాంపు వేయించుకున్నాను. మూడోసారి ఫోన్ చేశాక సబ్ ఇంజినీరూ ఇద్దరు లైన్‌మన్లూ వచ్చారు. పొద్దున ఏడింటికే రమ్మని నేనే పట్టుబట్టాను, పదకొండింటికొస్తే ఏముంటుంది అక్కడ!

మీటరు బోర్డు చెక్క వెనక, గోడలో బెజ్జం పెట్టి, మీటరు నుంచి మెయిన్‌కి పోయే రెండు వైర్ల తోలూ గీసి వాటికి ఇంకో రెండు వైర్లు చుట్టారు. పైన నల్ల టేపు, టేపు మీద మా గోడ రంగే పూశారు! సున్నం కాదండీ, మా లేత పసుపు రంగు. ఎక్కడ తెచ్చారో ఏమో. మోటారు నడుస్తుండగా వైరు విప్పారు, అటువైపు నీళ్లు ఆగిపోయాయి. 'కరెంటు పోయిందిరా' అని ఆ పక్క నుంచి ఎవరో అరిచారు, లైన్‌మన్ నవ్వాపుకోలేకపోయాడు.

పంచనామా రాసి నా దగ్గరా సైటు మనిషి దగ్గరా సంతకాలు తీసుకున్నారు. ముందే దరఖాస్తు ఇచ్చానన్న మాట అందులో రాయించాను. బిల్డరుకి నోటీసు ఇచ్చారట, ఎంత వేశారో నాకు చెప్పలేదు. ఇప్పుడు సైటుకి తాత్కాలిక సర్వీసు తీసుకున్నారు. నా బిల్లు మాత్రం తగ్గించలేదు. మీ మీటరు గుండా పోయినవి మీవే, వాళ్ల దగ్గర వసూలు చేసుకోండి అన్నారు ఆఫీసులో. ప్లాటు ఓనరు వచ్చి బిల్లు డబ్బులు ఇచ్చి వెళ్లారు. ఆయనకి ఏమీ తెలియదని అత్తమ్మ నమ్మింది. నేను నమ్మలేదు.

కోర్టుపక్షి
శుభం. ఆ పంచనామా నకలు తీసుకుని దాచండి. వచ్చే నెల వేరే స్క్వాడు వచ్చి పాత రీడింగులు చూసి అడిగితే చూపించాలి.

సీమబిడ్డ
సార్, స్క్వాడంటే గుర్తొచ్చింది. మా చిన్నాయన ఇంటికి రాత్రి ఎనిమిదింటికి ఇద్దరు వచ్చి విజిలెన్సని చెప్పి, మీటరు తప్పుంది, పదివేలిస్తే కేసు రాయం అన్నారు. అట్ల రాత్రి రావచ్చునా?

కోర్టుపక్షి
గుర్తింపు కార్డు అడిగారా? లేదంటే సగం మంది నకిలీలే. నిజమైనవాళ్లయినా సరే, పొద్దుగూకాక ఇంట్లో సోదా చేయాలంటే ఆ ఇంట్లో ఉండే పెద్ద మగవాళ్లు ఒకరుండాలని చట్టమే చెప్తోంది. తీసుకున్న వస్తువుల జాబితా రాసి ఇవ్వాలి, సంతకాలుండాలి. దొంగతనమని కరెంటు కోస్తే 24 గంటల్లో పోలీసు స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదివ్వాలి. వేసిన మొత్తం కట్టేస్తే 48 గంటల్లో కరెంటు తిరిగివ్వాలి. డబ్బులు చేతికి అడిగారంటే అక్కడే అర్థమైపోవాలి, రసీదు లేకుండా కట్టేదేదీ లేదు.

126 కింద తాత్కాలిక ఆర్డరొస్తే అభ్యంతరం రాసివ్వొచ్చు, 30 రోజుల్లో తుది ఆర్డరు ఇస్తారు. అది కూడా నచ్చకపోతే ఇంకో 30 రోజుల్లో అప్పీలు, సగం డబ్బు ముందు కట్టాలి. చాలామంది ఈ గొడవల్ని పట్టుకుని విద్యుత్ వినియోగదారుల ఫోరానికి వెళ్లి నెలలు పోగొట్టుకుంటున్నారు. దొంగతనం, అనధికార వాడకం కేసులు అక్కడ తీసుకోరు.

డౌట్‌రాయుడు
ఆఖరి డౌటు. మా అపార్ట్‌మెంటులో పైపు గ్యాసు. మీటర్లన్నీ మెట్ల దగ్గర వరసగా ఉన్నాయి. తాత చెప్పిన మెయిన్ టెస్టు దానికీ పనికొస్తుందా?

ఫ్యూజుతాత
వస్తుంది, కానీ అక్కడ దొంగ చివర్న గుర్తు రావాలండి. స్టవ్ దగ్గరి వాల్వు కట్టేసి మీటరు ఎర్ర అంకెలు రాసుకోండి. గంటయ్యాక చూడండి. కదిలితే ముందు లీకు అనుకోండి. స్విచ్ ముట్టుకోకుండా కిటికీలు తెరిచి, మీటరు దగ్గరి వాల్వు కట్టి, బయటికొచ్చి బిల్లు మీదున్న ఎమర్జెన్సీ నంబరుకి చెయ్యండి. బండ గ్యాసైతే లీకుకి 1906. పైపు గ్యాసు తేలిక, పైకి పోద్ది, కాబట్టి పై వెంటిలేటరు మూసి ఉంటే తీయించండి.

డౌట్‌రాయుడు
మా వంటింటి వెంటిలేటరుకి పావురాల కోసం అట్ట కొట్టించాం తాతా.

ఫ్యూజుతాత
పీకించి వల కొట్టించండి. ఇవాళే.